రెండు చిప్‌లు, ఒక హార్మోనియం

మొన్న మా వంటింట్లో కొత్త ఎల్‌ఈడీ బల్బు పెట్టించాం. స్విచ్చి వేయగానే అలమారులో ఆన్ చేసి ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియో గుయ్‌మని అందుకుంది. బల్బు ఆర్పితే నోరు మూసుకుంటుంది, వేస్తే మళ్ళీ మొదలు. ఎలక్ట్రీషియన్ అటు చూసి, ఇటు చూసి, "బల్బు బాగానే ఉందండీ, ఆ రేడియో తీసి పారేయండి" అని ఉచిత సలహా ఒకటి పడేసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం పొయ్యి మీద పప్పు సంగతే మరిచిపోయి, ఆ మోత ఏ స్వరమా అని గొంతు కలుపుతూ నిలబడిపోయాను. మా ఆయన వాసన పట్టి వచ్చి పొయ్యి కట్టేసి, "పప్పు మాడుతుంటే పాటేమిటే నీకు?" అన్నారు. "పాట కాదండీ, కొలుస్తున్నాను" అన్నాను. ఆయన నావైపు అదోలా చూసి వెళ్ళిపోయారు. నిజమే, రేడియో మోతను స్వరంతో కొలిచే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ మొదటిసారి వచ్చింది. ఆ మనిషి పేరు దేవసహాయం మాస్టారు.

డెబ్బైల చివరి మాట. బెజవాడ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాకు ఎలక్ట్రానిక్స్ డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం, అంటే లాబ్‌లో పిల్లలచేత ప్రయోగాలు చేయించే పని, వచ్చింది. మాది ఉయ్యూరు. పొద్దున్నే బస్సెక్కి బందరు రోడ్డు మీద రావాలి. నేను చేరింది చెరకు క్రషింగ్ మొదలైన రోజుల్లో. రోడ్డు మీద చెరకు బళ్ళు బారులు తీరి ఉండేవి, వాటి వెనకాల మా బస్సు దేకుతూ ఉండేది. చేరిన మొదటి రోజే ఆలస్యం. పరుగున లాబ్ గుమ్మంలోకి వెళ్ళేసరికి, తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన బల్ల ముందు కూర్చుని హార్మోనియం వాయిస్తున్నారు. నేను గది తప్పానేమో అనుకుని వెనక్కి తిరిగి బోర్డు చూశాను. ఎలక్ట్రానిక్స్ అనే ఉంది.

"సారీ సార్, చెరకు బళ్ళు అడ్డం..." అని మొదలుపెట్టాను. ఆయన తలెత్తకుండానే, "మంచిదే కదమ్మా, దారంతా తీపి వాసన చూస్తూ వచ్చావు. కూర్చో. ఈ రేడియోలో వస్తున్నదేమిటో చెప్పు" అన్నారు. హార్మోనియం పక్కనే ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. స్టేషన్ ఏదీ లేనిచోట ముల్లు పెట్టారు. అందులోంచి సన్నగా, తెంపు లేకుండా ఒకటే కూత. నేను భయంభయంగా, "పంచమమండీ?" అన్నాను. ఆయన అప్పుడు తలెత్తారు. "సంగీతం వచ్చా?" "మా అమ్మ పోరు పడలేక కొంచెం నేర్చుకున్నానండీ." ఆయన ముఖం ఇంత చేసుకుని నవ్వారు. "బతికించావు. ఎలక్ట్రానిక్స్ రాకపోతే నేను నేర్పుతాను, చెవి లేకపోతే ఎక్కణ్ణుంచి తేను?"

ఆయన్ని చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. పొడుగు మనిషి, సన్నం, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు ఉండేది. పామర్రు దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, రేడియోలూ ఆంప్లిఫయర్లూ చేత్తో కట్టుకుంటూ పైకొచ్చారు. కాలేజీలో శాఖాధిపతి. ఆదివారం చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. హార్మోనియం సైకిలు క్యారియర్ మీద పెట్టి తాడుతో కట్టి తెచ్చేవారు, సోమవారం నుంచి శనివారం దాకా అది మా లాబ్‌లో ఉద్యోగం చేసేది. కాలేజీలో మిగతా లెక్చరర్లను అందరూ సార్ అనేవారు. ఈయన్ని మాత్రం ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచీ కాంటీన్‌వాళ్ళ దాకా మాస్టారనే పిలిచేవారు. నేనొక్కదాన్నే కొత్తలో అలవాటైన సార్ చివరిదాకా వదల్లేదు.

ఇంతకీ ఆ కూత ఎక్కణ్ణుంచి వస్తోందంటే, బల్ల మీద ఉన్న పచ్చటి బోర్డులోంచి. దాని మధ్యలో జెర్రిలాగా కాళ్ళున్న నల్లటి చిప్. అదే మైక్రోప్రాసెసర్. దాని నంబరు ఎనభై ఎనభై. పక్కనే అలాంటిదే ఇంకో బోర్డు, అందులో కొత్తగా వచ్చిన జెడ్ ఎనభై. రెండింటినీ మాస్టారు నానా తంటాలు పడి, ఎవరెవరినో బతిమాలి మద్రాసు నుంచి తెప్పించారు. పాతదాన్ని పెద్దబ్బాయి అనేవారు, కొత్తదాన్ని చిన్నబ్బాయి అనేవారు. బోర్డు మీద కాలిక్యులేటర్‌కున్నట్టు మీటలుంటాయి, వాటితో ఒక్కొక్క అక్షరమే నొక్కి ప్రోగ్రామ్ ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోయిందా, నొక్కినదంతా గోవిందా. మళ్ళీ మొదటినుంచి. బెజవాడ కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఆ కాలంలో కంప్యూటర్ అంటే హైదరాబాదులోనో మద్రాసులోనో ఏసీ గదిలో ఉంటుందనీ, చెప్పులు విప్పి లోపలికెళ్ళాలనీ విన్నవాళ్ళమే గానీ చూసినవాళ్ళు లేరు. మాస్టారి పట్టుదలంతా అక్కడే ఉంది. "గదంత కంప్యూటర్ మనూరికి రాదమ్మా, వచ్చినా పిల్లల్ని ముట్టుకోనివ్వరు. ఇది అరచేతిలో పడుతుంది. మన పిల్లలు దీన్ని వేలితో తాకాలి, తప్పు నొక్కాలి, మళ్ళీ నొక్కాలి" అనేవారు. దానికోసం వరండా చివర, కాలువ వైపు కిటికీ ఉన్న ఒక గది అడిగి తీసుకున్నారు. ఇచ్చినట్టే ఇచ్చి ప్రిన్సిపాల్ గారు ఒక మెలిక పెట్టారు. క్రిస్మస్ సెలవులకు ముందు మేనేజ్‌మెంటు కమిటీ వచ్చి చూస్తుంది, ఈ గదిలో జరిగే పని ఏమిటో వాళ్ళకు నచ్చచెప్పాలి. నచ్చకపోతే గది సివిల్‌వాళ్ళ డ్రాయింగు బల్లలకు వెళ్ళిపోతుంది. సివిల్‌వాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుని పోయారు. మాస్టారికి వచ్చే వేసవిలో రిటైర్‌మెంటు. ఆయన తర్వాత ఆ గది కావాలని అడిగే నాథుడు లేడు. "నా ఫోటో పెట్టక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు. గది ఉంటే చాలు" అన్నారొకసారి, కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ. అంత గంభీరమైన గొంతు ఆ మాట దగ్గర కాస్త తడబడింది.

కమిటీకి చూపించడానికి ఆయన ఎంచుకున్న పని, రెండు చిప్‌లలో ఏది ఎంత చురుకో తేల్చడం. ఏదో ఒకటి తేలితే దాంతోనే పిల్లలకు బోర్డులు కట్టించాలని. వేగం కొలిచే మీటరు మా దగ్గర లేదు, ఉన్న ఒక్క ఆసిల్లోస్కోపూ మూలపడింది. అందుకే రేడియో. చిప్ ఒకే పనిని గిర్రున మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఆ చప్పుడు పక్కనున్న రేడియోలోకి దూరి స్వరమై వినపడుతుంది. పని తొందరగా అయితే స్వరం పైకి పోతుంది, నెమ్మదైతే కిందికి దిగుతుంది. ఆ స్వరాన్ని హార్మోనియం మెట్లతో పోల్చుకుని వేగం చెప్పేవారు ఆయన. మొదట వినగానే నాకు నవ్వొచ్చింది, తర్వాత రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తే నవ్వు పోయి ఆశ్చర్యం మిగిలింది. మా అమ్మకు చెప్తే, "నీకిచ్చే ఉద్యోగం పాటల ఉద్యోగమా, కరెంటు ఉద్యోగమా?" అని నిలదీసింది.

మొదటిసారి రెండింటికీ ఒకే ప్రోగ్రామ్ ఎక్కించాం. కొత్త చిప్‌కు పాతదాని భాష వచ్చు కాబట్టి అది కుదిరింది. బోర్డుల మీద చిప్‌లను నడిపించే గడియారాలు రెండూ ఒకే వేగానికి మార్చాం. "ఇద్దరికీ ఒకే తాళం వెయ్యాలి కదమ్మా, లేకపోతే పోటీ ఏముంది" అన్నారు. తీరా వింటే రెండూ ఒకే స్వరం. నేను ఉసూరుమన్నాను. మాస్టారు మాత్రం చిటికేశారు. "ఇది న్యాయం కాదు. చిన్నబ్బాయికి వాడి సొంత విద్య ఒకటుంది, వాణ్ణి అది చెయ్యనివ్వకుండా అన్న చేసే పనే చెయ్యమంటే ఎలా?" ఆ విద్య ఏమిటని అడిగాను. మాస్టారు కిటికీలోంచి చూపించారు. కాలువ గట్టున ధాన్యం బస్తాలు పడవలోకి మోస్తున్నారు. "పెద్దబ్బాయికి ప్రతి బస్తాకీ చెప్పాలి. ఎత్తు, మొయ్యి, దించు, వెనక్కి రా, ఇంకా ఉన్నాయేమో చూడు. మళ్ళీ ఎత్తు. చిన్నబ్బాయికి ఒక్కసారి ఆ కుప్పంతా అటు చేర్చరా అంటే చాలు, చేర్చేస్తాడు." నాకు ప్రాసెసర్ అర్థమైంది ఏ పుస్తకంలోనూ కాదు, ఆ కిటికీ దగ్గరే.

రెండు రోజులు కష్టపడి కొత్త ప్రోగ్రామ్ రాశాం. మెమరీలో ఒకచోటున్న కుప్పను ఇంకోచోటికి మార్చడం, మళ్ళీ మళ్ళీ. పెద్దబ్బాయి తన పద్ధతిలో, చిన్నబ్బాయి తన పద్ధతిలో. కరెంటు మమ్మల్ని రెండుసార్లు ఏడిపించి మూడోసారి కరుణించింది. మాస్టారు పెద్దబ్బాయిని విన్నారు, హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకున్నారు. "సా" అన్నారు. చిన్నబ్బాయిని విన్నారు. చాలాసేపు విన్నారు. కళ్ళు మూసుకుని, రేడియోకు చెవి ఆనించి. మళ్ళీ అదే స్వరం నొక్కారు. "ఇదీ సా నే. వెంట్రుకవాసి పైన ఉందంతే." ఆయన ముఖం వాడిపోయింది. నేనూ విన్నాను. ఒకే స్వరం, అవును. కొంచెం పైన, అవును. రేడియోలోంచి వచ్చే ఆ గరగరలో ఇంకేం వినపడుతుంది?

నేను ఊరుకోలేక, "సార్, ఇంకోసారి చూసి అప్పుడు చెబుదామండీ ప్రిన్సిపాల్ గారికి" అన్నాను. "ఎందుకూ, నాకు నచ్చిన జవాబు వచ్చేదాకా వినడానికా?" అన్నారు. అదే సాయంత్రం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ప్రిన్సిపాల్ గారు పెదవి విరిచి, "అంటే తేడా లేదన్నమాట. తేడానే లేనప్పుడు ఆ గదిలో మీరు తేల్చేదేముందండీ మాస్టారూ? కమిటీకి అదే చెప్పండి, అందరికీ శ్రమ తప్పుతుంది" అన్నారట. మాస్టారు వచ్చి ఈ మాట నాకు చెప్పి, హార్మోనియానికి గుడ్డ కప్పారు. నాకు ప్రిన్సిపాల్ గారి మీద కన్నా మాస్టారి మీదే ఒళ్ళు మండిపోయింది. గది పోతుందని తెలిసీ ఇంత తొందరగా వెళ్ళి చెప్పాలా? ఒక్క రెండు రోజులు ఆగితే ఏం పోయింది? ఆ కోపంలో గొడుగూ టిఫిన్ డబ్బా లాబ్‌లోనే మరిచిపోయి బస్టాండు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాను. గదికి తాళం. తాళంచెవి మాస్టారి జేబులో చర్చికి వెళ్ళిపోయింది, క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు.

నేను చర్చిలో అడుగు పెట్టడం అదే మొదలు. చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డాను. చాపలు పరిచి ఉన్నాయి. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. మధ్యలో ఇంకో హార్మోనియం, దాని వెనక మాస్టారు. ఆయన భార్య సుగుణమ్మ గారు నన్ను చూసి, "భారతివి కదూ? ఆయన రోజూ చెబుతుంటారు. రా, కూర్చో, ఈ పాట అయ్యాక ఇస్తారులే తాళం" అని చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. మాస్టారు మగవాళ్ళ చేత ఒక చరణం పాడించారు. తర్వాత మా వైపు చేత పాడించారు. ఎక్కడో కాస్త కలవలేదు, ఆపించారు, మళ్ళీ పాడించారు. చివరికి రెండు వైపులనూ కలిపి పాడించి, ఆనందం పట్టలేక హార్మోనియం మీద చరిచి, "అదీ! ఇప్పుడు అందరిదీ ఒక్కటే స్వరం!" అన్నారు.

నేను సుగుణమ్మ గారి పక్కన కూనిరాగం తీస్తున్నదాన్ని టక్కున ఆగిపోయాను. ఒక్కటే స్వరం. కానీ మేం పైనున్నాం, వాళ్ళు కిందున్నారు! మగవాళ్ళు సా అన్నా, ఆడవాళ్ళు సా అన్నా పేరు ఒక్కటే, శ్రుతి ఒక్కటే, కానీ ఆడవాళ్ళది ఒక స్థాయి పైన. పైస్థాయి సా కంపనాలు కింది సాకి సరిగ్గా రెండింతలు. ఫిజిక్సులో చదువుకున్న ముక్కే. ఓరి దేవుడో, అనుకున్నాను. తర్వాతి పాట ఏం పాడారో నాకు తెలియదు. ఎప్పుడు అయిపోతుందా అని కూర్చున్నాను.

మాస్టారు సైకిలు తీస్తుండగా గేటు దగ్గర పట్టుకున్నాను. తాళంచెవి సంగతి అడగనే లేదు. "సార్, మన చిన్నబ్బాయి మగవాళ్ళ వైపు పాడటం లేదేమోనండీ."

"ఏమిటీ?"

"ఆడవాళ్ళ వైపు పాడుతున్నాడేమోనండీ. సా నే, కానీ పైస్థాయిది."

ఆయన సైకిలు స్టాండు వేసి, చర్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. పెదవులు కదుపుతూ ఏదో గుర్తు తెచ్చుకుని విన్నట్టు కాసేపు ఉన్నారు. తర్వాత మెల్లగా, "రెండింతలు. ఆ పైన వెంట్రుకవాసి. నేను వెంట్రుకను విన్నాను, రెండింతల్ని వినలేదు" అన్నారు. సుగుణమ్మ గారు ఏమైందని కంగారుగా వచ్చారు. ఆయన ఆవిడ వైపు చూసి నవ్వారు. "చిన్నప్పటినుంచీ మీ వైపునీ మా వైపునీ కలపడమే నా పని అయిపోయింది సుగుణా. కలిస్తే చాలు, ఒకటే అనేస్తాను. ఈ చెవికి ఇక తేడా వినపడదు." ఆ మాటలో బాధ ఉంది, అంతకు మించి చిన్నపిల్లల కుతూహలం ఉంది. తన తప్పు ఎలా జరిగిందో తెలిసినందుకు అంత సంబరపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నా సంబరం వేరే. "గది దక్కినట్టేనండీ సార్!" అని గంతేశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎలాగమ్మా? సాయంత్రమే తేడా లేదన్నాను. గది పోతుందని తెలిశాక రేపు రెండింతలంటే ఎవరు నమ్ముతారు? గది కోసం మాట మార్చాడంటారు." "నిజమే కదండీ!" "నిజమైనంత మాత్రాన సరిపోదు. వాళ్ళ చెవులకు వినపడాలి. నా చెవి మీదా వద్దు, నీ చెవి మీదా వద్దు." అని లేచి తాళంచెవి నా చేతిలో పెట్టి, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయారు. ఆలోచన పడితే ఆయన సైకిలెక్కరని సుగుణమ్మ గారు చెప్పారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఉపాయం బల్ల మీద సిద్ధంగా ఉంది. "పెద్దబ్బాయికి సగం పని ఇద్దాం" అన్నారు. అంతే. కుప్పలో సగమే మార్చమంటే వాడి స్వరం ఒక స్థాయి పైకెక్కుతుంది. అప్పుడు పూర్తి పని చేసే చిన్నబ్బాయితో గొంతు గొంతు కలుస్తుంది. పక్కపక్కనే వింటే సంగీతం రానివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఇద్దరం నొక్కి చూశాం. ఇంకో రేడియో కూడా తెచ్చి, ఒక్కో బోర్డు పక్కన ఒకటి పెట్టి వింటే, రెండు కూతలూ దాదాపు ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. మాస్టారు అన్నారు, "ఇన్నాళ్ళూ అమ్మాయిని పట్టుకుని అబ్బాయనుకున్నామమ్మా!" ఆ రోజు నుంచి జెడ్ ఎనభై మా ఇద్దరికీ చిన్నమ్మాయి అయిపోయింది.

కమిటీ రోజు రానే వచ్చింది. ప్రిన్సిపాల్ గారు, ఆయన పక్కన మేనేజ్‌మెంటు సెక్రటరీ గారు. సెక్రటరీ గారు డెల్టా పెద్ద రైతు, పట్టు కండువా, భారీ మనిషి. లోపలికి వస్తూనే ఆయన చూపు బోర్డుల మీద పడలేదు, హార్మోనియం మీద పడింది. "ఏమండీ మాస్టారూ, ఇక్కడ నాటకాలు కూడా ఆడిస్తున్నారా?" అన్నారు. ఆయన పద్యనాటకాలంటే చెవి కోసుకుంటారని నాకు తర్వాత తెలిసింది. ప్రిన్సిపాల్ గారు మాత్రం గడియారం చూసుకుంటూ, "తేడా లేదని మాస్టారు ముందే తేల్చేశారు. పెద్దగా చూసేదేం లేదండీ" అన్నారు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "తేడా లేదని చెప్పింది నేనేనండీ. నేను తప్పు విన్నాను." ప్రిన్సిపాల్ గారు ఎగతాళిగా, "అంటే ఇప్పుడు గది కోసం సరిగ్గా విన్నారా?" అన్నారు. నేను భయపడ్డ మాట అదే. మాస్టారికి కోపం రాలేదు. వచ్చినా కనిపించలేదు. సెక్రటరీ గారి వైపు తిరిగి, "మీరొక్క సా పట్టండి, ఎంతసేపు పట్టగలిగితే అంతసేపు" అన్నారు. అడగడమే ఆలస్యం, ఆయన కండువా సర్దుకుని, కళ్ళు మూసుకుని, స్టేజీ మీద అందుకున్నట్టు అందుకున్నారు. వరండాలో పోతున్న పిల్లలు కిటికీల దగ్గర మూగారు. మాస్టారు నాకు సైగ చేశారు. నేనూ సా అందుకున్నాను, నా గొంతులో. ఇద్దరం కలిశాం. మాస్టారు ప్రిన్సిపాల్ గారిని అడిగారు, "ఇద్దరిదీ ఒకే స్వరమా, వేరువేరా?"

"ఒకటే. అందులో సందేహమేముంది?"

"నేనూ అలాగే అన్నానండీ. అక్కడే పప్పులో కాలేశాను."

సెక్రటరీ గారు ఇంకా ఆపలేదు. సా దాటి రాగంలోకి దిగబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకుని బతిమాలి ఆపించాల్సి వచ్చింది. అప్పుడు రేడియోలు పెట్టాం. మొదట ఇద్దరికీ పూర్తి పని ఇచ్చి వినిపించాం. అప్పుడు సెక్రటరీ గారే అరిచారు, "అరె, అది మా గొంతు, ఇది అమ్మాయి గొంతు!" తర్వాత పెద్దబ్బాయికి సగం పని ఇచ్చి వినిపించాం. రెండూ ఒక్కటైపోయాయి. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు మళ్ళీ పెట్టించుకుని విన్నారు, మూడోసారి తన చేత్తోనే మీట నొక్కి విన్నారు. అదుగో, ఆ క్షణం మాస్టారు నావైపు చూశారు. ఆయనకు కావలసింది అదే కదా, ఎవరో ఒకరు వేలితో తాకడం.

ఇంత జరిగినా ప్రిన్సిపాల్ గారు పట్టు వదల్లేదు. మాట మర్యాదగానే ఉంది గానీ, "బాగుంది మాస్టారూ. కాకపోతే మీరే తప్పు విన్నానంటున్నారు, వేసవికి రిటైరవుతున్నారు. ఎవరి చెవిని నమ్మి ఈ గది ఉంచమంటారు?" అన్నారు. మాస్టారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నా చెవిని నమ్మకండి. నా తప్పు పట్టుకున్న చెవి ఈ గదిలోనే ఉంది. ఇదుగో, మా భారతి. గది నాకొద్దండీ, ఈ అమ్మాయికి ఇవ్వండి."

చేరి నెల తిరగని డిమాన్‌స్ట్రేటర్ని నేను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. వెనకనుంచి సెక్రటరీ గారి గొంతు వినపడింది, "ఉంచండి ప్రిన్సిపాల్ గారూ. డ్రాయింగు బల్లలు ఎక్కడైనా పడతాయి." ఆ గదిలో నేను రిటైరయ్యేదాకా పాఠం చెప్పాను. బోర్డులు మారాయి, చిప్‌లు మారాయి, హైదరాబాదు కంప్యూటర్ కన్నా చురుకైనవి పిల్లల జేబుల్లోకి వచ్చేశాయి. కిటికీ మాత్రం అదే. ఏ కొత్త పిల్లవాడొచ్చి ఇది దానికన్నా వేగమండీ అన్నా, ఎవరి పనిలో, ఎవరి పద్ధతిలో అని అడిగేదాన్ని. రెండూ ఒకటేనండీ అంటే మాత్రం వదిలిపెట్టేదాన్ని కాదు. ఇంకొకరిని పిలిచి వినమనేదాన్ని. మేడమ్‌కు చాదస్తమని పిల్లలు అనుకునేవారు. అనుకోనివ్వండి.

మాస్టారు రిటైరయ్యే రోజు హార్మోనియం చర్చికి ఇచ్చి, రేడియో నాకు ఇచ్చారు. మా వంటింట్లో ఉన్నది అదే. కొన్నేళ్ళకు ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూటానికి వెళ్ళి, సుగుణమ్మ గారి పక్కన అదే చాప మీద కూర్చున్నాను. పాట మొదలైంది. మావైపు స్వరం నిండుగా ఉంది. అటువైపు, అడుగున, ఆ బావిలాంటి గొంతు ఉండాల్సినచోట ఖాళీగా ఉంది. నాకు తెలియకుండానే నేను ఆడవాళ్ళ స్వరం వదిలేసి, గొంతు ఎంత కిందికి దిగితే అంత కిందికి దించి పాడటం మొదలుపెట్టాను. సుగుణమ్మ గారు నావైపు వంగి, "అదేమిటమ్మా, మగవాళ్ళ వైపు పాడుతున్నావు?" అన్నారు.

"అటువైపు ఒకరు తక్కువయ్యారండీ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కాసేపటికి ఆవిడా గొంతు దించారు.

మొన్న వంటింట్లో ఆ రేడియోతో నేను కలిపింది కూడా కింది సా నే. పప్పు మాడిపోయింది. మాడితే మాడింది.